అర్బాబుకు తొట్టెల

ముందే ఒక మాట. మస్కట్‌లోని రూవిలో నన్ను ఎరిగినవాళ్లు గప్పాల గంగారాం అంటారు. నేను చెప్పేదాంట్లో రూపాయికి పావలా పొట్టు ఉంటుందని మా రూమ్ వాళ్ల అంచనా. నిజమే. చిత్రిక పట్టాక పొట్టు రాలకపోతే అది చెక్కే కాదు. అయితే కింద రాసిన దాంట్లో పొట్టు ఎక్కడుందో నేనే చూపిస్తూ పోతాను. మిగిలింది గట్టి చెక్క.

నా వయసు యాభై నాలుగు. ఊరు జగిత్యాల దగ్గర. ఒమాన్‌లో ఇరవై ఎనిమిదేళ్లు ఒకే మంజరాలో పనిచేశాను. మంజరా అంటే ఇక్కడ వడ్రంగి కార్ఖానా. గల్ఫులో మనిషికి రిటైర్మెంటు వయసును చూసి రాదు, మోకాళ్లను చూసి వస్తుంది. నావి పోయిన చలికాలం జవాబిచ్చాయి. వీసా క్యాన్సిల్ పని నడుస్తోంది. టికెట్ చేతికొచ్చేదాకా రూమ్‌లో కూర్చుని, కొత్తగా ఈ పనికి వచ్చే తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతాలు, కార్డులు, కాగితాల సంగతి మీకు ఏజెంటు చెప్తాడు. అబద్ధమే చెప్తాడు, అయినా చెప్తాడు. నేను చెప్పేది వేరు. ఒక పెద్దమనిషికి నేను తొట్టెల, అంటే ఉయ్యాల, చేసిన సంగతి.

షేకర్ తలుపు

మీరు దిగిన మొదటి వారంలోనే "షేకర్ డోర్" అనే మాట వింటారు. వంటింటి అల్మారా తలుపు. చుట్టూ నాలుగు పట్టీలు, మధ్యలో కాస్త లోపలికి దిగిన సాదా పలక. పువ్వుల్లేవు, లతల్లేవు. ఎండీఎఫ్ షీటును మిషను కింద పెడితే గబగబా ఊడిపడతాయి. నేను చేసినవన్నీ వరుసగా నిలబెడితే మస్కట్ నుంచి వెయ్యి కిలోమీటర్ల అవతలి సలాలా దాకా నీడలోనే నడిచి వెళ్లొచ్చు. ఇది పొట్టు. ఇన్ని చేసినా షేకర్ అంటే ఏమిటని ఒక్కరోజూ అడగలేదన్నది మాత్రం చెక్క. ఏదో కంపెనీ పేరు అనుకున్నాను.

అప్పట్లో నాకు సాదా పని అంటే చిన్నచూపు. నా ఉలి ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ నెమలిని దించేది. ఒక విల్లాలో వంటింటి తలుపుల మీద, ఎవరూ అడగకుండానే, వరుసగా చిలకలు చెక్కాను. ఇంటావిడ మురిసిపోయింది. ఆర్నెల్లకు మళ్లీ పిలిచింది. చేపల వేపుడు పొగ, నూనె జిడ్డు రెక్కల సందుల్లో పట్టేసి చిలకలన్నీ కాకులయ్యాయి. పుల్లలతో గీకీ గీకీ పనిమనిషి వేళ్లు పుండ్లు పడ్డాయి. ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. తమ్ముళ్లూ, మీరు చెక్కే ప్రతి గీతనూ ఎవరో ఒకరు తుడవాలి. ఎవరు తుడుస్తారో అడిగాకే ఉలి ఎత్తండి.

ఆ షేకర్ తలుపు వెనక మనుషులున్నారని ఒక అమెరికా టీచరమ్మ వల్ల తెలిసింది. ఆమె మస్కట్‌లో ఉద్యోగం చాలించి సొంత దేశానికి పోతూ, సామాను సర్దే చెక్కపెట్టెల కోసం మమ్మల్ని పిలిచింది. సామాన్లలో ఒక కుర్చీ ఉంది. వీపుకు మూడు అడ్డపట్టీలు, కూర్చునే చోట మన నవారు మంచం లాంటి అల్లిక. బరువుంటుందనుకుని బలంగా ఎత్తితే అది నా నెత్తి దాకా వచ్చేసింది. అంత తేలిక.

"గీ కుర్సిల కూసుంటె ఇరుగది భాయ్? పాపం, గతిలేనోళ్లెవరో చేసిన్రు," అన్నాను మా ఫోర్‌మన్ ఖాదర్ భాయ్‌తో.

ఖాదర్ భాయ్‌ది కడప. ఇంటర్ దాకా చదివాడు. మంజరాకు ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా మా అందరికీ ఆయనే కళ్లు. తూకం వంద కిలోలకు తక్కువుండదు. ఆయన వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కిమ్మనలేదు.

"ఏమప్పా గంగారాం, నీ సింహాసనాల్లో కూర్చుంటే నాకు నడుం పట్టుకుంటాది. దీంట్లో కూర్చుంటే కునుకొస్తాండాది," అన్నాడు.

టీచరమ్మ నవ్వి, అది షేకర్ కుర్చీ అంది. మా ఆసక్తి చూసి పోతూ పోతూ ఒక బొమ్మల పుస్తకం ఇచ్చింది. ప్రతి శుక్రవారం ఖాదర్ భాయ్ నమాజు చేసుకుని వచ్చి, మా రూమ్‌లో కూర్చుని అందులో రెండు పేజీలు చదివి చెప్పేవాడు.

వ్రతమూ వీసా

షేకర్లు అమెరికాలో పాతకాలం నాటి ఒక భక్తుల గుంపు. ప్రార్థనలో ఒళ్లు మరచి ఊగిపోయేవాళ్లట, అందుకే ఆ పేరు. పెళ్లి చేసుకోరు. ఆస్తి అందరిదీ. ఒకే పెద్ద ఇల్లు, దానికి ఆడవాళ్లకో గుమ్మం, మగవాళ్లకో గుమ్మం, మెట్లు కూడా వేరువేరు. పనిని ప్రార్థన చేసినంత శ్రద్ధగా చేసేవాళ్లు. వాళ్ల ఇళ్ల బొమ్మలు నేను మళ్లీ మళ్లీ తిప్పి చూశాను. లోపలి గదికి వెలుగు పోవాలని ఇంటి నడిమి గోడకు కూడా కిటికీ పెట్టారు. రాతి కొట్టం గుండ్రంగా కట్టి నడుమ గడ్డి పోశారు, చుట్టూ నిలబడ్డ ఆవులన్నిటికీ అక్కణ్నుంచే మేత అందేలా. ఇక ప్రతి గదిలోనూ గోడ పొడవునా, తలెత్తు కన్నా కాస్త పైన ఒక పట్టీ, దానికి జానెడు దూరానికో కొయ్య. ఊడ్చేటప్పుడు కుర్చీలను కూడా ఆ కొయ్యలకు తగిలించేవాళ్లు.

మా రూమ్‌లో రాజన్న అని ఉన్నాడు. మెట్‌పల్లి మనిషి, మా మంజరాలోనే పాలిష్ పని. అంతా విని తొడ చరిచాడు. "పెండ్లాం లేదు, పిల్లల్లేరు, ఒక్క ఇంట్ల అందరు మొగోళ్లు, తెల్లారితె పని. గంగన్నా, గిది మన రూమే గదనే!"

"వాళ్లది వ్రతంరా, మనది వీసా," అన్నాను.

కానీ ఆ మాట నన్ను కుట్టింది. ఎనిమిది మందిమి ఆ రూమ్‌లో. బ్యాగులు మంచాల కింద, చొక్కాలు మేకులకు, టిఫిన్ డబ్బాలు ఒకరి తల దగ్గర ఇంకొకరివి. ఊరందరి ఇళ్లలో అల్మారాలు బిగించే నేను, నా గోడకు ఒక చెక్క ముక్క కొట్టుకోలేదు. మంజరాలో పారేసే బీచ్ అనే గట్టిరకం చెక్క ముక్కలు తెచ్చి గది చుట్టూ కొయ్యల పట్టీ బిగించాను. మనిషికి ఆరు కొయ్యలు. వారం తిరక్కుండా నేల కనిపించింది. పక్క ఫ్లాటు మలయాళీలు వచ్చి చూసి, వాళ్ల గది కొలత ఇచ్చి పోయారు. నా జీవితంలో నేను మొదటిసారి ఇష్టంతో చేసిన సాదా పని అదే.

అర్బాబు చెయ్యి

ఇప్పుడు మా అర్బాబు గురించి. అర్బాబు అంటే యజమాని. పేరు ఖల్ఫాన్. గల్ఫులో అర్బాబులు ఇన్ని రకాలని లెక్కలు చెప్పేవాళ్లుంటారు. నేను చూసింది ఒక్కడినే, కాబట్టి నాకు రకాలు తెలియవు.

ఆయన తండ్రి సూర్ రేవులో చెక్క పడవలు కట్టేవాడు. ఈయన చిన్నప్పుడు ఆ పడవల మీద ముంబై దాకా తిరిగాడు, హిందీ అక్కడ అంటుకుంది. మేం బల్ల చేసి పెడితే పైభాగం చూసేవాడు కాదు. వంగి, బల్ల అడుగున అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరేవాడు. ఎక్కడన్నా గరుకు తగిలితే "ఫిర్ సే" అనేవాడు. అంటే మళ్లీ మొదటి నుంచి. పడవకు అడుగే ప్రాణమని ఆయన లెక్క. అన్నం బల్లకు అడుగు ఎవడు చూస్తాడని నేను మనసులో తిట్టుకునేవాణ్ని.

మంచి నోరు కాదు ఆయనది. ఒకసారి నేను చేసిన డ్రాయరు కదలకుండా బిగుసుకుంటే దాన్ని ఎత్తి రోడ్డు మీద పడేశాడు. తప్పు చెక్కది కాదు, పచ్చి చెక్క వాడిన నాది. మా అమ్మ పోయినప్పుడు ఎయిర్‌పోర్టుకు తనే బండి నడిపాడు.  దిగేటప్పుడు ఖర్జూరాల డబ్బా నా చేతిలో పెట్టి, "రాస్తే మే ఖావ్, దారిలో తిను," అన్నాడు. అంతే. అలాంటి మనిషి.

పడుకున్న మనిషికి టేపు

రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క మొత్తం పడిపోయింది. మాట ముద్దయింది. ఇల్లు షినాస్‌లో, సముద్రం ఒడ్డున, రూవి నుంచి మూడు గంటల దారి. పెద్దకూతురు షంసా స్కూల్ టీచరు. ఉద్యోగానికి సెలవు పెట్టి తండ్రి మంచం పక్కనే ఉండిపోయింది. ఆయన పడిపోకుండా మంచానికి చెక్క కటకటాలు కట్టాలని ఆమె ఫోన్ చేస్తే నేనూ ఖాదర్ భాయ్ వెళ్లాం.

చిత్రిక మిషను మోతను మించి వినిపించే అర్బాబు గొంతు ఇప్పుడు గాలి లాగా వస్తోంది. వీపు మీద పుండ్లు మొదలయ్యాయి. ఎటు తిప్పి పడుకోబెట్టినా కళ్లు తెరిచే ఉంటాడు. నిద్ర మాత్రలు వేస్తే మనుషుల్ని పోల్చుకోవడం లేదట, అందుకని ఆపేశారు.

"నెల దాటింది, బాబా ఒక్క గంట సరిగా నిద్రపోలేదు," అంది షంసా, హిందీలో. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. "నర్సు చెప్పింది, కదిలిస్తూ ఉండమని. నేను తిప్పుతూనే ఉన్నాను. ఇంకా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పెట్టమంటున్నారు మా వాళ్లు. అక్కడికి వద్దని ఏడుస్తాడు."

ఆమె గంజి తేవడానికి లోపలికి వెళ్లింది. అప్పుడు నాకు పుస్తకంలో ఒక బొమ్మ గుర్తొచ్చింది. షేకర్లు తమలోని ముసలివాళ్లకూ రోగులకూ మనిషంత తొట్టెల చేసేవాళ్లు. మంచం పట్టిన మనిషిని అందులో పడుకోబెట్టి మెల్లగా ఊపేవాళ్లు. ఒకే చోట బరువు ఆనదు, నిద్రా పడుతుంది. ఆ ఆలోచన రాగానే నేను మనిషిని కాను. జేబులోంచి స్టీలు టేపు తీశాను. సర్రుమని లాగి అర్బాబు మడమ దగ్గర ఒక కొస, తల దగ్గర ఒక కొస పెట్టాను.

అర్బాబు కళ్లు ఆ టేపు వెంట కింద నుంచి పైకి వచ్చాయి. గుమ్మంలో గంజి గిన్నె కింద పడింది.

"ఏం చేస్తున్నావు నువ్వు? గోరీ కొలతా? నా తండ్రి బతికే ఉన్నాడు! బర్రా! బయటికి పో, బర్రా!"

పడుకున్న మనిషిని కొలవకూడదని మా నాయన నాకు ఉలి పట్టడం కన్నా ముందు నేర్పాడు. ఏ దేశంలోనైనా, ఏ మతంలోనైనా, పడుకున్న మనిషి పొడవు తెలుసుకోవాల్సింది ఒక్క పనికే. అది తెలిసీ చేశాను. ఇరవై ఎనిమిదేళ్లలో నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఏదంటే ఇదే చెప్తాను. వంకర కోసిన చెక్కను మార్చొచ్చు. ఆయన కళ్లలో ఆ క్షణం కనిపించిన భయాన్ని ఏం పెట్టి మారుస్తాం?

 బండి సోహార్ ఊరు దాటాక ఖాదర్ భాయ్ అన్నాడు. "నువ్వు చెప్పే అబద్ధాలకు ఎవరికీ ఏం కాల్యా సామీ. నువ్వు చేసే నిజం పనులే ప్రమాదం."

దర్జీ దగ్గరి కొలతలు

ఆ ఇంట్లోకి మళ్లీ పోయే ముఖం లేదు. కానీ ఆయన తెరిచి ఉన్న కళ్లు నా వెంటే వచ్చాయి. తొట్టెల చేయాలి. కొలత కావాలి.

రూవిలో ఒక హైదరాబాదీ దర్జీ ఉన్నాడు. అర్బాబు దిష్‌దాషాలు, అంటే ఇక్కడి మగవాళ్లు వేసుకునే పొడుగు అంగీలు, ఏళ్లుగా ఆయనే కుడుతున్నాడు. వెళ్లి అర్బాబు కొలతలు అడిగాను.

"క్యా మియా, అర్బాబు అంగీ వేసుకుని అర్బాబు అయిపోదామనా?" అన్నాడు.

సంగతి చెప్పాను. నవ్వడం ఆపి పుస్తకం తీశాడు. భుజం నుంచి చీలమండ దాకా ఇంత, భుజాల వెడల్పు ఇంత, ఛాతీ ఇంత. తలకూ పాదాలకూ నేను కలుపుకున్నాను. అవి నిలబడి ఉన్న మనిషి కొలతలు. అద్దం ముందు నిలబడి, దర్జీని కూడా తిట్టి ఉంటాడు. ఆ కొలతలో ఏ దోషమూ లేదు.

పక్కలు తేలికపాటి వైట్‌వుడ్‌తో, చెయ్యి బయటికి పెట్టుకునేంత తక్కువ ఎత్తులో చేశాను. అడుగున పలక వేయలేదు, వీపుకు గాలి తగలాలని నవారు అల్లాను. తొట్టెల ఊగడానికి కింద బిగించే వంపు చెక్కలు, అవే బద్దీలు, బీచ్‌వి. అడుగు పట్టీలకు మూడుసార్లు గరుకు కాగితం పట్టాను. ఎవరూ ఫిర్ సే అనకుండానే.

బద్దీల వంపు దగ్గర మాత్రం నా తెలివి వాడాను. చంటిపిల్లల తొట్టెల వంపు తీసుకున్నాను. పరీక్షకు ఖాదర్ భాయ్ పడుకున్నాడు. కాలి బొటనవేలితో ఇలా నెట్టానో లేదో, తొట్టెల పక్కకు తిరగబడి ఆయన రంపం పొట్టులో బోర్లా పడ్డాడు. లేచి, మీసాల్లోంచి పొట్టు దులుపుకున్నాడు.

"యా అల్లా! ఆయప్పకు పక్షవాతం చాలదని నువ్వు నడుం గూడా ఇరగ్గొడతావా? పుస్తకంలో వంపు చూడప్పా, దాదాపు తిన్నగా ఉండాది!"

నిజమే. షేకర్లు వంపును దాదాపు లేదనిపించేలా చేశారు. పిల్లలను ఊపేది ఆడించడానికి, పెద్దవాళ్లను ఊపేది మోయడానికి. మూడు జతల బద్దీలు కోశాక గాని ఆ ఊపు రాలేదు. అలసిన మనిషి ఊపిరిలా, మెల్లగా పోయి మెల్లగా వచ్చేలా.

అది కుదిరిన రోజు మధ్యాహ్నం అన్నాల వేళ, మంజరాలో ఒక్కొక్కడూ నేనూ పడుకుంటానన్నాడు. ఐదు నిమిషాలకు ఒకడు అని ఖాదర్ భాయ్ లైను పెట్టాడు. రాజన్న మూడో వాడు.

"జోల పాడే గంగన్నా! నా కాళ్లు బయటికొస్తున్నయ్, తల్లీ, తొట్టెల చిన్నదాయె!" అని అందరినీ నవ్వించాడు. నేను గొంతు ఆడదానిలా పెట్టి కూనిరాగం తీశాను. నాలుగో ఊపుకు రాజన్న నవ్వడం ఆపేశాడు. ఆ తర్వాత టోపీ తీసి ముఖం మీద కప్పుకున్నాడు. నేను రాగం ఆపలేదు, ఊపడమూ ఆపలేదు. ఐదు నిమిషాలు దాటింది, పది దాటింది. లైన్లో వెనకున్నవాడు అడగలేదు. నలభై రెండేళ్ల మనిషి. రోజంతా పాలిష్ వాసనలో మునిగి ఉండేవాడు. అతన్ని చివరిసారి ఎవరు ఊపారో.

షినాస్ దారి

తొట్టెలను పికప్ వెనక కట్టుకుని బయలుదేరాం. దారిలో పోలీసు ఆపి "షూ హాదా, ఏమిటిది?" అన్నాడు. తొట్టెల అన్నాను. ఎవరికన్నాడు. మా ఊళ్లో పిల్లలు ఇంతింత పుడతారని చెప్పాను. ఇది శుద్ధ పొట్టు. నిజానికి ఆయన తాడు వదులుగా ఉందని చెప్పి పంపేశాడు.

గేటు దగ్గర షంసా నిలబడి తొట్టెలను చూసింది. చూసి, చేతులు అడ్డం పెట్టింది.

"మొన్న గోరీ, ఇవాళ ఉయ్యాలా? నా తండ్రిని చంటిపిల్లాడు అనుకున్నారా? నలభై మందికి పని చూపించిన మనిషి ఆయన."

నేను తల వంచుకున్నాను. ఎప్పుడూ లేనిది. ఖాదర్ భాయ్ పుస్తకం తెరిచి ఆ పేజీ ఆమెకు ఇచ్చాడు. ఆమె చదివింది, మళ్లీ చదివింది. అప్పుడు నేను అన్నాను, హిందీలో, ఉన్నదున్నట్టు. "మేడమ్, ఆ రోజు తప్పు నాది. పడుకున్న మనిషిని కొలిచాను. ఇది ఆ కొలత కాదు. దర్జీ దగ్గరికి పోయి తెచ్చాను. నిలబడిన కొలత."

ఆమె పుస్తకం మూసింది. 

"బాబానే అడుగు," అంది. "ఆయన వద్దంటే ఇప్పుడే తీసుకుపో."

మంచం పక్కన దించాం. అర్బాబు దాన్ని తలనుంచి కాళ్లదాకా చూశాడు. కుడి చెయ్యి మెల్లగా జరిపి అంచు మీద పెట్టి ఒక్కసారి నెట్టాడు. అది ఊగింది. ఆగేదాకా చూశాడు. మళ్లీ నెట్టాడు. మళ్లీ ఆగేదాకా చూశాడు. నా గుండె ఆ బద్దీల కింద ఉన్నట్టు ఉంది. అప్పుడు పెదవులు ఒక పక్కకు లాగి, ముద్ద ముద్దగా ఏదో అన్నాడు. అర్థం కాలేదు. షంసా చెవి దగ్గర పెట్టింది. విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది ముంబై దాకా పోతుందా, అని అడుగుతున్నాడు."

జబ్బు చేశాక ఆయన వేసిన మొదటి హాస్యం అదేనట. ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నలుగురం పట్టి పడుకోబెట్టాం. మాకు పోసిన ఖహ్వా, అంటే ఇక్కడి కాఫీ, చల్లారేలోపు ఆయన కళ్లు మూశాడు. మూడు గంటలు నిద్రపోయాడు. ఆ మూడు గంటల్లో షంసా ఎన్నిసార్లు వెళ్లి ఊపిరి చూసుకుని వచ్చిందో లెక్కలేదు.

తొట్టెల వైద్యం కాదు, తమ్ముళ్లూ. ఎవరైనా అలా చెప్తే నమ్మకండి, నేను చెప్పినా సరే. నర్సు వచ్చి పుండ్లకు మందు వేస్తూనే ఉంది, పక్కకు తిప్పడం తప్పలేదు. నిద్ర మాత్రం తొట్టెల తెచ్చింది. ఆసుపత్రి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కిర్రు

నెలన్నర తర్వాత షంసా ఫోన్ చేసింది. బద్దీలు నేల మీద కిర్రుమంటున్నాయని, వీలున్నప్పుడు వచ్చి చూడమని. చిన్న చిత్రిక, మైనం సంచిలో వేసుకుని ఒక మధ్యాహ్నం ఒక్కణ్నే వెళ్లాను.

తలుపు వారగా వేసి ఉంది. పిలవబోయి ఆగాను. అర్బాబు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, అటూ ఇటూ దిండ్లు పెట్టి. కూర్చోగలుగుతున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన కుడి చెయ్యి తొట్టెల అంచు మీద ఉంది. నెడుతోంది, వదులుతోంది, నెడుతోంది. తొట్టెల అంచు మీంచి, ఇక్కడి ఆడవాళ్లు తలకు చుట్టుకునే నల్ల షీలా కొస ఒకటి కిందికి వేలాడుతూ, ఊపుకు నేలను తాకి లేస్తోంది.

వెంటనే చూపు తిప్పుకున్నాను. ఇన్నాళ్లూ మేమందరం ఆయన నిద్ర గురించే మాట్లాడాం. షంసా ఎప్పుడు పడుకుంటుందని అడగడం మాలో ఒక్కడికీ తోచలేదు. తండ్రికి తోచింది.

అర్బాబు నన్ను చూశాడు. మాట్లాడొద్దని చెప్పడానికి పెదవుల మీద వేలు పెట్టాలి. కానీ ఆయనకు పనిచేసేది ఆ ఒక్క చెయ్యే, అది తొట్టెల మీద ఉంది. తీస్తే ఊపు ఆగిపోతుంది. అందుకని కళ్లతోనే చెప్పాడు. బర్రా.

చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి నడిచాను. వరండా మెట్టు మీద కూర్చున్నాను. సాయంత్రం నమాజు పిలుపు వినిపించేదాకా లోపల్నుంచి కిర్రు, కిర్రు అని వినిపిస్తూనే ఉంది. నేను సంచి విప్పలేదు.